పిరానా పెంచాలనుందా? ముందు ఇవి తెలుసుకోండి

గోల్డ్‌ఫిష్‌తో అక్వేరియం మొదలుపెట్టిన కుర్రాళ్లకి ఆర్నెల్లు గడిచేసరికి ఒక కోరిక పుడుతుంది. ఇంటికొచ్చినవాళ్లు తొట్టి చూసి ‘బాగుంది’ అంటే చాలదు, ‘అమ్మో’ అనాలి. ఇక చూపు పిరానా మీద పడుతుంది. ఖమ్మంలో ఇంట్లో కూర్చుని కోడింగ్ పని చేసుకునే నాకు తరచూ వచ్చే ఫోన్ ఇదే. “అన్నా, పిరానా పెంచొచ్చా? కష్టమా?”

నేను చేపల డాక్టర్ని కాదు. చదివింది ఇంజినీరింగ్, చేసేది సాఫ్ట్‌వేర్. కాలేజీ రోజుల నుంచీ తొట్లు నడిపిన అనుభవం ఉంది, అంతే. ఇప్పుడు మా ఇంట్లో ఐదడుగుల తొట్టి ఒకటుంది. అందులో ఉన్న మూడు పెద్ద చేపలూ నేను కొన్నవి కావు. పెంచలేక వేరేవాళ్లు తెచ్చి అప్పగించినవి. ఆ ముగ్గురూ వాటిని ‘పిరానా’ అనే కొన్నారు. కానీ అవి పిరానాలు కావు! కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

మీరు చూసింది పిరానాయేనా?

మన దగ్గర అక్వేరియం షాపుల్లో ‘రెడ్ పిరానా’ పేరుతో కనిపించే చేపల్లో చాలావరకు రూప్‌చంద్ పిల్లలే. అవునండీ, చేపల మార్కెట్‌లో కిలోల లెక్కన తూకం వేసి ఇచ్చే రూప్‌చందే. ఇంగ్లిష్‌లో దీన్ని పాకు అంటారు. శాస్త్రీయ నామం పియరాక్టస్ బ్రాకిపోమస్. సొంతూరు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదులు. బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. ఇప్పుడు కృష్ణా, పశ్చిమ గోదావరి వైపు చెరువుల్లో జోరుగా పెంచుతున్నారు.

అసలు పిరానా వేరు. ఎర్ర పొట్ట పిరానాని శాస్త్రవేత్తలు పైగోసెంట్రస్ నాటరెరి అంటారు. రెండూ దూరపు చుట్టాలే. రూప్‌చంద్ పిల్ల పొట్ట కూడా ఎర్రగా ఉండటంతో చిన్నప్పుడు అచ్చు పిరానాలాగే అనిపిస్తుంది. తేడా ఎలా పట్టుకోవాలి? నోరు చూడండి. పిరానాకి కింది దవడ బుల్‌డాగ్‌లాగా ముందుకు పొడుచుకొస్తుంది. పళ్లు త్రికోణంగా, ఒకే వరుసలో, రంపంలాగా ఉంటాయి. రూప్‌చంద్‌కి దవడ అలా ముందుకు రాదు. పళ్లేమో మన దవడ పళ్లలాగా బల్లపరుపుగా ఉంటాయి. గింజలూ కాయలూ నమలడానికి పుట్టిన పళ్లవి. వానాకాలంలో అమెజాన్ పొంగి అడవిలోకి చొరబడినప్పుడు, చెట్ల మీద నుంచి రాలే కాయలు తిని బతికే జాతి ఇది.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, పిరానా తొట్టిలో అడుగు లోపే ఆగుతుంది. రూప్‌చంద్ ఆగదు. చెరువులో మంచి మేత పడితే ఏడాదిలో కిలో దాకా వస్తుంది. సొంత నదుల్లో అయితే రెండున్నర అడుగులు దాటినవీ ఉన్నాయి. రెండంగుళాల పిల్లని రెండడుగుల తొట్టికని కొన్నవాళ్లు ఏడాది తిరిగేసరికి నాలాంటివాళ్ల నంబర్ వెతుక్కునేది అందుకే.

సినిమా వేరు, చేప వేరు

పిరానా అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా. నీళ్లలో మనిషి పడితే నిమిషంలో ఎముకలు తేలడం! ఈ పేరు రావడంలో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కీ వాటా ఉంది. 1913-14లో ఆయన బ్రెజిల్ అడవుల్లో యాత్ర చేసి, తిరిగొచ్చాక రాసిన పుస్తకంలో పిరానాని లోకంలోకెల్లా క్రూరమైన చేపగా వర్ణించాడు. జనం మనసులో అదే ముద్ర పడిపోయింది.

తొట్టి ముందు కూర్చుని చూస్తే మాత్రం ఇది మహా పిరికి చేప. లైటు వేస్తే మూలకి పోతుంది. తలుపు దబ్బున వేస్తే గాజుకి కొట్టుకుంటుంది. గుంపుగా ఎందుకు తిరుగుతాయన్న సంగతి మీద బ్రెజిల్‌లో పరిశోధన చేసిన శాస్త్రవేత్తలు తేల్చింది కూడా ఇదే. గుంపు కట్టేది వేటకంటే ఎక్కువగా ప్రాణరక్షణకి. పెద్ద చేపలు, మొసళ్లు, నీటి పక్షుల నుంచి తప్పించుకోవడానికి. అందుకే ఒంటరిగా ఒక్క పిరానాని పెంచితే అది రోజంతా బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. రెండో మూడో పెడితే వాటిలో బలమైనది మిగతావాటి రెక్కలు కొరికేస్తుంది. ఐదారు ఉంటేనే కాస్త నెమ్మదిగా ఉంటాయి.

అలాగని చెయ్యి పెట్టమని కాదు. ఆ పళ్లు నిజంగా పదునే. అవి ఒక్కొక్కటిగా ఊడవు, ఒక పక్క పళ్లన్నీ ఒకేసారి ఊడి కొత్త వరుస వస్తుంది. కాబట్టి ఎప్పుడూ పదునే. వలతో పట్టేటప్పుడు, తొట్టి కడిగేటప్పుడు వేలు తెగే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే తొట్టి మూతకి తాళం ఉండాల్సిందే.

తొట్టి లెక్క: కొనేముందే కాగితం మీద వేయండి

షాపుల్లో ఎక్కువగా కనిపించే రెండడుగుల తొట్టి (రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు) పట్టేది 56 లీటర్లు. ఐదారు పిరానాలకి కావాల్సింది కనీసం ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంటే 20 ఘనపుటడుగులు. అడుగుకి 28.3 లీటర్ల చొప్పున సుమారు 566 లీటర్లు.

నీళ్లు లీటరుకి కిలో. కాబట్టి నీళ్ల బరువే 566 కిలోలు. గాజు, ఇసుక, స్టాండు కలిపితే 700 కిలోలు దాటుతుంది. పదిమంది పెద్దవాళ్లు ఒకే చోట ఇరవై నాలుగ్గంటలూ, ఏళ్ల తరబడి నిలబడ్డట్టు. అద్దె ఇంట్లో, పై అంతస్తులో పెట్టాలనుకునేవాళ్లు ముందు ఇంటి ఓనర్ని, వీలైతే ఒక సివిల్ ఇంజినీర్ని అడగండి. స్లాబు మధ్యలో కాదు, దూలం మీదుగా గోడవారన పెట్టడం మేలు.

ఇంకో లెక్క కూడా ఉంది. ఎర్ర పొట్ట పిరానా బాగా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఇవాళ కొంటే, ఉద్యోగం, హైదరాబాద్ మకాం, పెళ్లి, పిల్లలు అన్నీ ఆ చేప బతికుండగానే జరుగుతాయి. అప్పుడు ఆ తొట్టిని ఎవరు చూస్తారు? దీనికి ఇంట్లో ఒక సమాధానం ఉండాలి. ‘అమ్మ చూసుకుంటుందిలే’ అనేది సమాధానం కాదు. ఆ మాట అమ్మని కూడా అడగాలి!

నీళ్లు: మన ఎండ, మన కుళాయి

ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ చలి దేశాలవాళ్లు రాసినవి. హీటర్ కొనమని మొదలుపెడతారు. పిరానాకి కావాల్సింది 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మే నెలలో 45 డిగ్రీలు చూసే ఊళ్లు. ఇక్కడ సమస్య వేడి చేయడం కాదు, చల్లబరచడం.

వేడెక్కిన నీళ్లు ప్రాణవాయువుని పట్టి ఉంచలేవు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8 మిల్లీగ్రాములకి పైగా ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర 7కి పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. దానికి తోడు కరెంటు పోయి ఫిల్టర్ ఆగిందా, పెద్ద చేపలు గంటల్లోనే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కాబట్టి వేసవికి ముందే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. ఇన్వర్టర్ ఉంటే ఫిల్టర్‌ని దానికి కలపండి. నీటి మీద గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన నీళ్లు రోజూ పోయాలి, అంతే.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజంతా వదిలేయండి. లేదా షాపులో దొరికే డీక్లోరినేటర్ వాడండి. బోరు నీళ్లయితే పీహెచ్, గట్టితనం పరీక్ష చేయించుకోండి. పిరానా పుట్టిన నీళ్లు మెత్తనివి, కాస్త ఆమ్లగుణం ఉన్నవి. పీహెచ్ ఆరున్నర, ఏడు మధ్య ఉంటే హాయిగా ఉంటాయి.

కొత్త తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపలు వేయకండి. చేప వ్యర్థాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మార్చాకే ప్రమాదం తగ్గుతుంది. ఈ రెండు రకాలూ ఫిల్టర్‌లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా భాషలో చెప్పాలంటే టెస్టింగ్ అవ్వకుండా ప్రోగ్రాంని జనం మీదకి వదలకూడదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఆ తర్వాత వారం వారం నాలుగో వంతు నీళ్లు మార్చాలి. 566 లీటర్ల తొట్టికి అది 140 లీటర్లు. పది బకెట్ల పని. ఆ నీళ్లు మల్లె చెట్లకి బ్రహ్మాండంగా పనికొస్తాయి.

మేత: బతికున్న చేపల తమాషా వద్దు

చాలామంది పిరానా కొనేది దీనికోసమే. బతికున్న గోల్డ్‌ఫిష్‌ని వేసి, ఫోన్‌లో వీడియో తీసి, స్టేటస్ పెట్టుకోవడానికి. దాని సంగతి అలా ఉంచి, చేప ఆరోగ్యానికే అది చెడ్డది. షాపు గోల్డ్‌ఫిష్‌తో రోగాలు, పురుగులు తొట్టిలోకొస్తాయి. పైగా గోల్డ్‌ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంటుంది. అదే పనిగా పెడితే పిరానా చిక్కిపోతుంది. కోడి, మేక మాంసం కూడా రోజూ వద్దు, ఆ కొవ్వు చేపకి అరగదు.

కడిగిన రొయ్యలు, ముళ్లు తీసిన చేప ముక్కలు, మంచి పిల్లెట్లు చాలు. పిల్లలకి రోజూ, పెద్దవాటికి రోజు విడిచి రోజు. ఐదు నిమిషాల్లో తిననిది తీసేయాలి, లేకపోతే నీళ్లు కుళ్లిపోతాయి. రూప్‌చంద్ అయితే సగం శాకాహారి. మా ఇంట్లోవి పాలకూర, దోసకాయ, జామపండు ముక్కలు చూస్తే ఎగబడతాయి.

అసలు భయం పళ్లతో కాదు

ఇక్కడిదాకా చెప్పినవన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యే పనులే. ఇప్పుడు చెప్పబోయేది మన ప్రాంతానికి ప్రత్యేకం.

ఆ మధ్య భద్రాచలంలో ఒక బాబాయి ఫోన్ చేశాడు. వాళ్లబ్బాయి బెంగళూరు ఉద్యోగానికి వెళ్లాడు, చేపలు ఈయన మెడకి చుట్టుకున్నాయి. “గోదాట్లో వదిలేస్తే పోద్ది కదరా, పుణ్యం కూడానూ” అన్నాడు. ఆయన చెడ్డ మనిషి కాదు. గోదారి ఒడ్డున పుట్టి పెరిగినాయన, ప్రాణాన్ని చంపడం ఇష్టం లేక అన్నమాట అది. వద్దని చెప్పి, మర్నాడు వెళ్లి తెచ్చుకున్నాను. మా తొట్టిలో మూడోది అదే.

ఎందుకు వద్దన్నాను? తొట్టి మేత మీద పెరిగిన చేప ఏట్లో పడితే చాలావరకు చచ్చిపోతుంది, అది పుణ్యం కాదు. చావకుండా బతికితే అంతకన్నా ప్రమాదం. మన నీళ్లు, మన వేడి దక్షిణ అమెరికా చేపలకి బాగానే సరిపోతాయి. కొత్త చోట వాటిని అదుపు చేసే శత్రువులు, రోగాలు ఉండకపోవచ్చు.

ఇది ఊహ కాదు. అక్వేరియం అద్దాలు నాకి శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ ఫిష్‌నే తీసుకోండి. దాని పుట్టుక కూడా దక్షిణ అమెరికానే. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల చెరువుల్లో, నదుల్లో వలలకి తగులుతోంది. ఒళ్లంతా ముళ్ల కవచం, వలలు చిరిగిపోతాయి, గట్లకి బొరియలు చేస్తుంది, తినేవాళ్లు లేరు. జాలర్లు దానికి పెట్టిన పేరు దెయ్యం చేప! హైదరాబాద్‌లోని లాకోన్స్ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్లతో ఇది ఎక్కడెక్కడ పాకిందో పట్టే పద్ధతి తయారు చేయాల్సివచ్చింది. గోదావరిలో తిలాపియా సంగతి జాలర్లకి నేను చెప్పక్కర్లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని నిషేధించినా దొంగచాటుగా పెంచుతూ దొరికిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఇవన్నీ ఎవరో ఒకరు ‘ఏమవుద్దిలే’ అనుకోగా వచ్చినవే.

పిరానా సంగతికొస్తే అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో పెంచడమే నేరం. అక్కడున్న మన తెలుగువాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మయామి దగ్గర ఒక కుంటలో పిరానాలు స్థిరపడితే, 1977లో మందు పెట్టి మొత్తం చంపాల్సివచ్చింది. కుంట కాబట్టి కుదిరింది. గోదారికి ఏ మందు పెడతాం?

మన మ్యాపు ఒకసారి తలుచుకోండి. ఖమ్మం పక్కనే మున్నేరు, అది పోయి కృష్ణలో కలుస్తుంది. పాల్వంచ పైన అభయారణ్యంలో కిన్నెరసాని, అది గోదారిలో కలుస్తుంది. చర్ల వైపు తాలిపేరు కూడా గోదారికే. ఈ వాగుల మీద ఆధారపడి కోయ గూడేల్లో ఇప్పటికీ చేపలు పట్టుకుని కూర వండుకుంటారు. భద్రాచలం రేవులో వాలుగలు, జెల్లలు, కొర్రమీనులు అమ్ముకుని బతికే కుటుంబాలున్నాయి. మన సరదా చేప వాళ్ల పళ్లెంలో చేయి పెట్టకూడదు.

మనం వదలకపోయినా గోదారే ఇంటికొచ్చి తీసుకెళ్లే రోజులున్నాయి మనకి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగుల దగ్గర ఇస్తారు! 1986లో అయితే 75.6 అడుగులు. ఇటు ఖమ్మంలో 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి బొక్కలగడ్డ లాంటి కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు ఇంట్లోకొస్తే సామానుతోపాటు తొట్టిలో చేప కూడా ఏట్లోకి పోతుంది. కాబట్టి పల్లపు కాలనీల్లో, ఏటి ఒడ్డున ఉండేవాళ్లు కింది అంతస్తులో విదేశీ చేపల్ని పెంచకపోవడమే మంచిది. పెంచుతున్నవాళ్లు గట్టి మూత, గొళ్లెం పెట్టండి. వరద హెచ్చరిక రాగానే డబ్బాలో పెట్టి పైకి చేర్చేందుకు సిద్ధంగా ఉండండి.

వద్దనుకుంటే ఏం చేయాలి?

కొన్నప్పుడే షాపువాణ్ని అడగండి, “పెద్దదయ్యాక వెనక్కి తీసుకుంటావా?” అని. తీసుకుంటానన్నవాడి దగ్గరే కొనండి. కొన్న చేప ఎక్కడినుంచి వచ్చిందో కూడా అడిగి బిల్లు తీసుకోండి. విదేశీ చేపల్ని దేశంలోకి తేవాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి. షాపువాడు నీళ్లు నమిలితే కొనకండి. సందేహముంటే జిల్లా మత్స్యశాఖ ఆఫీసుకెళ్లి అడగొచ్చు.

పెద్ద తొట్లున్నవాళ్లకి ఇవ్వొచ్చు. మా ఊళ్లో చేపలు పెంచేవాళ్లందరం ఒకరికొకరం తెలుసు, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ముందుకొస్తారు. ఏ దారీ లేక, చేప జబ్బుపడి బాధపడుతుంటే లవంగ నూనె వాడతారు. చిన్న సీసాలో నీళ్లు, కాస్త నూనె పోసి తెల్లగా అయ్యేదాకా గిలక్కొట్టి, చేప ఉన్న బకెట్లో కొద్దికొద్దిగా కలిపితే ముందు మత్తులోకి, ఆ తర్వాత నొప్పి తెలియకుండా చావులోకి పోతుంది. కదలిక పూర్తిగా ఆగాక ఇంకో అరగంట ఉంచి పాతిపెట్టాలి. రూప్‌చందే కదా అని వండుకోకండి. తొట్టిలో వేసే మందులు మనుషులు తినే చేపలకి ఉద్దేశించినవి కావు.

చెరువు, వాగు, మోరీ, గుడి కోనేరు, లకారం చెరువు... ఏదీ దారి కాదు.

మొదటి తొట్టి అయితే?

నన్నడిగితే మొదటి రెండేళ్లు పిరానా జోలికి పోవద్దనే చెబుతాను. మూడడుగుల తొట్టిలో జీబ్రా డానియోలు, రోజీ బార్బ్‌ల గుంపు వేయండి. రెండూ మన ఉపఖండంలో పుట్టినవే. గట్టి ప్రాణం, చూడ్డానికి చలాకీ. నీళ్లు మార్చడం, పరీక్షించడం, ఎండాకాలం నెట్టుకురావడం వాటితో నేర్చుకోండి. వేటాడే చేపే కావాలంటే మన కొర్రమీను ఉంది, తెలంగాణ రాష్ట్ర చేప. మాటు వేసి రెప్పపాటులో పట్టే దాని తీరు చూస్తే పిరానా గుర్తురాదు. పిల్లల్ని కాపలా కాసే తల్లీతండ్రీ అది. పెద్ద తొట్టి, బరువైన మూత మాత్రం తప్పదు, ఎగిరి బయటపడుతుంది.

ఇవన్నీ విన్నాక కూడా పిరానాయే కావాలంటారా? సరే. తొట్టి కొలతలు, ఇంటి అంతస్తు, కరెంటు పోతే ఏం చేస్తారో, మీరు ఊరు మారితే చేప ఎవరి దగ్గర ఉంటుందో ఒక కాగితం మీద రాయండి. నాలుగింటికీ సమాధానం రాయగలిగినవాడు పెంచగలడు. చివరి గడి ఖాళీగా ఉంటే మాత్రం షాపు నుంచి ఖాళీ చేతులతో రండి. నేనైతే ఇప్పుడు ఆ మూడు రూప్‌చంద్‌ల కోసం పెరట్లో సిమెంటు తొట్టి కట్టించే పనిలో ఉన్నాను. మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకున్నాడు, పండక్కి ముందే పని మొదలుపెడతానన్నాడు.